అవ్వ వద్దన్న నీళ్లు

నా చిన్నప్పుడు, నేను మూడో తరగతిలో ఉండగా, మేడ్చల్‌లోని మా ఇంట్లో మా అవ్వ మంచం పట్టింది. డాక్టరు వచ్చి చూసి, ఇక మందులతో పని లేదు, దగ్గర ఉండి చూసుకోండి అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ చూసుకోవడమంతా మా మేనత్త మీద పడింది.

అవ్వ తిండి మానేసింది. నీళ్లిచ్చినా పెదాలు బిగించేది. చూడవచ్చిన చుట్టాలు ఊరుకుంటేనా? మా ఇంటి గడప దాటగానే అందరూ వైద్యులైపోయేవారు. దూలపల్లి నుంచి వచ్చినావిడ జావ తాగించమంది, శామీర్‌పేట ఆయన కొబ్బరినీళ్లన్నాడు. కడుపు మాడ్చి చంపుతావా అని ఒకావిడ అత్త మొహం మీదే అనేసింది.

నాకు ఆ మాట పట్టుకుంది. నేనంటే ప్రాణమిచ్చే అవ్వ దాహంతో పోతుందేమోనని ఒకటే భయం. ఎవరూ లేనప్పుడు చెంచాతో ఆమె నోట్లో నీళ్లు పోశాను. పొలమారింది. దగ్గడానికి కూడా బలం లేక, గొంతు గురగురమని అవ్వ కళ్లు తేలేసింది.

అత్త పరుగున వచ్చి అవ్వను పక్కకు తిప్పి, మూతి తుడిచి, ఊపిరి సర్దుకునేదాకా వీపు నిమిరింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, మింగొద్దని చెప్పి, నా నోట్లో చెంచాడు నీళ్లు పోసింది. కాసేపటికే ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చున్నాను.

"నువ్వు లేసి కూసున్నవ్ బిడ్డా. అవ్వ లేస్తదా?" అంది.

తర్వాత మెత్తని గుడ్డ తడిపి అవ్వ పెదాలకు అద్దడం చూపించింది. ఇంతేనా అని అడిగాను.

"గంతే. ఇగ పక్కన కూసోవాలె. అంతకంటె నాకూ తెల్వది" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పెద్దవాళ్లకు కూడా దారి తెలియని చోటు ఒకటుంటుందని ఆ రోజే తెలిసింది. నాకు చాలా భయమేసింది. మర్నాడు మధ్యాహ్నం అవ్వ పోయింది.

ఇప్పుడు కొంపల్లిలో, మా ఫ్లాటులో, మా ఆయన అప్పటి అవ్వలాగే మంచం పట్టి ఉన్నారు. ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకెళ్లమన్నారు. పొద్దున మా అబ్బాయి జ్యూసు గ్లాసు పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"అమ్మా, రెండు సుక్కలన్న తాపుదాం. గిట్ల సూసుకుంట కూసుందామా?"

గ్లాసు తీసుకుని వాడి చేతిలో తడిగుడ్డ పెట్టి, ఎలా అద్దాలో చూపించాను. అద్దాడు. ఇంకేదో చెబుతానని నా మొహంలోకి చూశాడు. నా దగ్గర ఇంకేమీ లేదు. పెదాలు తడపడం అత్త నేర్పింది, వచ్చింది. పక్కన కూర్చోవడమూ నేర్పింది. అది మాత్రం ఈ వయసులోనూ నాకు చేతకావడం లేదు.