వెనక్కి తెచ్చిన బియ్యం

మంచాన పడ్డవాళ్లను కూడా గుడికి రమ్మనే పెద్దమనుషులను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దానికి కారణం ఒక ముసలావిడ.

రజాకార్ల గొడవ సద్దుమణిగిన రోజులు. మిర్యాలగూడలో కోదాడ బస్సెక్కాను. పక్క సీటులో ఆమె బియ్యం మూటను ఒళ్లో అదిమి పట్టుకుని కూర్చుంది.

"అంగడి నుంచా, అవ్వా?" అన్నాను.

"అంగడెక్కడిది! మా పాస్టరయ్యకని తెచ్చిన. ఇయ్యకుంట తీస్కపోతున్న," అని కసిరింది.

క్రైస్తవుల ఇళ్లలో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, గుడి కోసం వేరే కుండలో వేస్తారు. ఇంట్లో పస్తులున్నా ఆ కుండ ముట్టరు.

"మా ముసలోడు మంచంల వడ్డడు. పానం పోకముందు అయ్యగారి చేతుల ప్రభువు రొట్టె తీసుకోవాలని ఒక్కటే పోరు. ఎన్నిసార్లు కబురంపినా రాలే. ఇయ్యాల నేనే పోయి అడిగితే, బండిల ఏస్కొని గుడికి తీస్కరమ్మంటడు. పక్కకు తిరగలేనోన్ని బండెట్ల ఎక్కియ్యాలె? ఆ గుడి గోడలకు రాళ్లు మోసింది మా ముసలోడే! బియ్యానికైతే నెలనెలా మనిషిని పంపుతడు. అప్పుడు మా ఇంటి తొవ్వ మంచిగనే దొరుకుతది. ఇగ ఈ బియ్యం గంజి కాసి ముసలోనికే తాపుత."

దేవుడి పేరున తీసిన బియ్యమని నాకే భయమేసింది.

"దేవుడికి కోపం రాదా, అవ్వా?"

నేరేడుచర్లలో బస్సు ఆగింది. ఆమె మూట నెత్తికెత్తుకుని నావైపు తిరిగింది.

"రానియ్యి బిడ్డా. తిట్టెటందుకైనా ఆయనన్న మా ఇంటికొస్తడు."