మొత్తుకోని మిషిన్

నా బతుకంత గ్యాసుల ఎంబడి తిరుగుడే. ల్యాబులల్ల విషపు గ్యాస్ లీకైతే మొత్తుకునే మిషిన్లుంటయి గదా, వాటిని బిగించుడు, అప్పుడప్పుడు పోయి పరీక్ష జేసుడు నా పని. శంషాబాద్‌ల విమానాలు కొత్తగ దిగుతున్న రోజులల్ల, సాతంరాయి కాడ మందులు పరీక్ష జేసే చిన్న ల్యాబు ఒకటుండె. ఆడ నాకొక దోస్తు దొరికిండు, సిలిండర్లు మార్చే మనిషి. ఆయన పెండ్లాం గూడ ఆడనే ఊడ్చి తుడిచేది. నేను లోపల అడుగు పెడితే చాలు, "ఏందన్నా, ముక్కుల డాక్టరూ! ఇయ్యాల మా గోడకు జలుబు జేసిందా?" అని పరాష్కాలాడేటోడు. ఆ అక్క పెట్టిన తొక్కుతోని ఇద్దరం ఒక్క డబ్బాల అన్నం తినేటోళ్లం. నాకు నోరు జర ఎక్కువ, ఎవలతోని తొందరగ పొసగదు. ఆయనతోని మాత్రం ఒక్కనాడు లొల్లి గాలె.

ఆ యేడు దసరా అయిన కొన్నొద్దులకే ఫోనొచ్చింది. సిలిండర్ల రూముల పడిపోయిండంట. దవాఖానకు తీస్కపోయేసరికే పానం పోయిందంట. కార్బన్ మోనాక్సైడ్ లీకైంది. మూసిన అర్రల బొగ్గుల కుంపటి పెట్టుకుంటే మనుషుల్ని తినేది ఆ విషమే. సిలిండర్ల ఉన్నదానికి పొగ లేదు, వాసన లేదు. మన ముక్కు పట్టదు గనకనే గోడకు మిషిన్ పెడ్తం. ఆ మిషిన్ మొత్తుకోలే. ఎందుకు మొత్తుకోలేదో చూడమని నన్నే పిలిచిన్రు.

మిషిన్ కింద సెన్సర్ ఉంటది, దాని మూతికి సన్న జాలీ. గాలి ఆ జాలీలకెళ్లి లోపలికి పోతేనే దానికి తెలుస్తది. చూద్దునుగదా, జాలీ నిండ పసుపు, దాని మీద కుంకుమ, ఎండి పెచ్చు గట్టింది. ఆయుధ పూజనాడు, ముత్తైదువ చెయ్యి మంచిదని ల్యాబు నడిపే పెద్ద సారు ఆ అక్కతోనే సామాన్లన్నిటికి బొట్లు పెట్టిచ్చిండు. మిగతా మిషిన్లకు డబ్బా మీద చుక్క పెట్టి ఊకున్నది. తన మొగడు పనిజేసే కాడి మిషిన్‌కు మాత్రం మూతి మీదనే దండిగ మెత్తింది.

"ఆమెనే పెట్టింది గదా, రిపోర్టుల గట్లనే రాయి," అన్నడు సారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పూజ పెట్టిచ్చింది నువ్వు. అయినంక తుడిపియ్యాలన్న సోయి నీకు లేకపాయె. జాలీ మూసుకపోయింది, జిమ్మేదారి నీదని రాస్త. ఈ ముచ్చట ఆమె చెవుల పడ్డదో, నీ సంగతి చూస్త!" అన్న.

పిట్టకు పెట్టేనాడు, అదే కాకికి పిండం పెట్టే దినం, వాళ్లింటికి పోయిన. గోడకు ఒరిగి కూసున్నదల్లా నన్ను చూసి లేచొచ్చింది.

"అన్నా, నువ్వన్న చెప్పు. ఆ మిషిన్ ఎందుకు మొత్తుకోలే? అన్నిటికంటె దానికే ఎక్కువ మొక్కితి గదనే. నిండుగ బొట్టు పెడ్తి గదనే!"

"మిషినే ఖరాబైంది అక్కా. నేనే సరిగ చూస్కోలే," అన్న.

అమ్మో, ఎట్ల తిట్టింది! "నీ చేతులిరగ! నీ ఇల్లు మునుగ! నా ఉసురు నీకు తాకుతది!" అని వాకిట్ల మన్ను తీసి నా మీద పోసింది. ఆడోళ్లొచ్చి పట్టుకున్నరు. నేను తల వంచుకొని నిలబడ్డ. దోస్తు పోయిన దుఃఖం అప్పుడు తన్నుకొచ్చింది, అందరి ముంగట బోరున ఏడ్చిన.

తర్వాత శంషాబాద్ బస్టాండ్ల ఆమె అప్పుడప్పుడు కనపడేది. నన్ను చూసిందంటే ఎవలున్నా సరే, తిట్టుడు మొదలువెట్టేది. తిట్టనీ. నన్ను తిట్టినంత కాలం ఆమె తన చేతుల దిక్కు చూస్కోదు.