లీడరమ్మ నోరు విప్పింది

మా తొమ్మిదో తరగతిలో నలభై ఒక్కరం ఉండేవాళ్ళం. నలభై మందిమి మాట్లాడేవాళ్ళం, ఒక్కతి రాసేది. ఆ రాసే పిల్ల మా క్లాసు లీడరు. ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ లీడరమ్మే. మాస్టారు గదిలో లేనప్పుడు ఎవరు నోరు మెదిపినా బోర్డు మీద ఓ మూల వాళ్ళ హాజరు నెంబరు వేసేది. మళ్ళీ మాట్లాడితే పక్కనే ఒక ఇంటూ. మూడు ఇంటూలు పడ్డాయంటే బెంచీ ఎక్కాల్సిందే.

నేను కూర్చునేది ఆమె పక్కనే. అయినా నాకేమీ కలిసిరాలేదు. ఒకసారి మంచి వాసనొచ్చే కొత్త రబ్బరు గుట్టుగా ఆమె చేతిలో పెట్టాను. కాసేపు చూసి, తిరిగి నా డబ్బాలో పెట్టేసి, లేచి వెళ్ళి నా నెంబరు వేసి వచ్చింది. అంతెందుకు, ఓ రోజు తనకే తుమ్మొచ్చి, తుమ్మాక "అమ్మా!" అనేసింది. వెంటనే వెళ్ళి తన నెంబరు తనే రాసుకుంది.

మిగతా క్లాసంతా ఒక ఎత్తు, ఇంకో ఇద్దరు ఒక ఎత్తు. వెనక బెంచీలో నిద్రమొహం ఉండేవాడు. కళ్ళు తెరుచుకునే నిద్రపోయేవాడు. హాజరు పిలిస్తే నిద్రలోనే "ప్రెజెంట్ సార్" అనేవాడు. ఇంట్లో వాళ్ళ నాన్న కేకేసినా అదే అంటాడని వాడి చెల్లెలు చెప్పి నవ్వేది. ముందు బెంచీలో సందేహం. వాడికి రాని సందేహం లేదు. పరీక్షలో ప్రశ్నపత్రం చేతికిస్తే, "సార్, చిన్న సందేహం. తెలిసినవి రాయాలా, తెలియనివి కూడా రాయాలా?" అని అడిగిన ఘనుడు.

ఇక లెక్కల మాస్టారు. ఆయనకు కోపం వస్తే ఏం మాట్లాడతారో ఆయనకే తెలియదు. ఒక సోమవారం మా గోల భరించలేక బల్ల మీద గట్టిగా చరిచి, "లీడరమ్మా, ఇకనుంచి నేను లేనప్పుడే కాదు, ఉన్నప్పుడు కూడా రాయి. ఎవరైనా సరే. చివరికి నేనైనా సరే!" అన్నారు.

ఆమె బుద్ధిగా తలూపింది.

గురువారం ఆయన మాకో లెక్క ఇచ్చి, గుమ్మంలో నిలబడి డ్రాయింగు మాస్టారితో మాటల్లో పడ్డారు. ఆయన కట్టించుకుంటున్న కొత్త ఇంట్లో మేస్త్రి ఒక మెట్టు తక్కువ కట్టాడట. ఆఖరి మెట్టు నుంచి మేడ మీదికి గెంతాల్సి వస్తోందట. ఆ గెంతు ఎలా ఉంటుందో గుమ్మంలోనే చూపించారు కూడా. మాకు నవ్వు ఆగడం లేదు. లీడరమ్మ మాత్రం లేచి, బోర్డు దగ్గరికి వెళ్ళి, ఆయనకు హాజరు నెంబరు లేదు కాబట్టి "లెక్కల మాస్టారు" అని గుండ్రటి అక్షరాలతో రాసింది. కాసేపాగి ఒక ఇంటూ. తర్వాత ఇంకోటి. మేస్త్రిని తిట్టడం మొదలుపెట్టగానే మూడోది.

సరిగ్గా అప్పుడే హెడ్‌మిస్ట్రెస్ అటుగా వచ్చారు. ఆవిడ చూపు బోర్డు మీద పడింది. మాస్టారు వెనక్కి తిరిగారు.

"ఎవరు రాశారిది?"

"నేనే సార్. మీరే రాయమన్నారు కదా, సోమవారం."

"ఏదో మాటవరసకన్నానమ్మా!"

"మాటవరసకని చెప్పలేదు సార్."

సందేహం చెయ్యెత్తాడు. "సార్, చిన్న సందేహం. డ్రాయింగు సారు మన క్లాసు లెక్కలోకి వస్తారా, రారా?"

డ్రాయింగు మాస్టారు అప్పటికే వరండా దాటేశారు.

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు సర్దుకుని, "మూడు ఇంటూలంటే ఏంటమ్మా?" అని అడిగారు.

"బెంచీ ఎక్కాలి మేడమ్."

"మరి?" అన్నారావిడ, మాస్టారి వంక చూస్తూ.

పాపం, మాస్టారు చెప్పులు విప్పి బెంచీ ఎక్కారు. ఆ చప్పుడుకి నిద్రమొహం ఉలిక్కిపడి లేచాడు. అంత ఎత్తున మాస్టారు కనబడేసరికి హడలిపోయి, "ప్రెజెంట్ సార్!" అని అరిచాడు. ఆ తర్వాత నవ్వుల్లో ఏం జరిగిందో నాకు సరిగా గుర్తులేదు. హెడ్‌మిస్ట్రెస్ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోవడం మాత్రం చూశాను.

మర్నాడు మాస్టారు, "చాలమ్మా నీ సేవ" అని లీడరమ్మను దింపేసి, నిద్రమొహాన్ని లీడరు చేశారు. ఆమె వచ్చి నా పక్కన తల దించుకుని కూర్చుంది. నోటుబుక్కు మీద టప్పున ఓ చుక్క పడింది.

"ఏడుస్తున్నావా?" అన్నాను.

"లేదు" అంది. ముక్కు తుడుచుకుని, "ఏడుస్తున్నాలే. నీకు తెలుసా, ఆ రబ్బరు వాసన నాకెంత నచ్చిందో! ఆ రోజంతా చెయ్యి వాసన చూసుకుంటూనే ఉన్నా" అంది.

అంతే, గండి పడింది. వాళ్ళ నాన్న దర్జీ. ముందు గదిలో మూడు మిషన్లు. ఆ మోతను మించి వాళ్ళమ్మ, పెద్దమ్మ, నానమ్మ ఒకేసారి మాట్లాడతారట. ఇంట్లో తనకు ఒక్క మాటకైనా సందు దొరకదట. బడిలో అయినా మాట్లాడదామంటే ఆరో తరగతిలోనే, "నెమ్మదైన పిల్ల" అని లీడరును చేసేశారట. మూడేళ్ళుగా మూటగట్టుకున్న కబుర్లన్నీ గంట కొట్టేదాకా చెబుతూనే ఉంది. వారం తిరిగేసరికి సందేహం ఇటు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. వాడి సందేహాలకు విసుక్కోకుండా జవాబు చెప్పే మనిషి దొరకడం వాడి జన్మలో అదే మొదటిసారి.

పది రోజులకు మాస్టారే దిగొచ్చారు. "అమ్మా, నీ నోటికంటే నీ సుద్దముక్కే నయం. మళ్ళీ లీడరుగా ఉండు."

"వద్దు సార్, ఇలాగే బాగుంది" అంది, ఏమాత్రం తడుముకోకుండా.

ఇప్పుడామె ఓ పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. పోయిన నెలలో నేను దవడ పన్ను తీయించుకోవడానికి వెళితే, నన్ను కుర్చీలో వాలుగా పడుకోబెట్టి మా క్లాసు వాళ్ళ కబుర్లన్నీ మొదలుపెట్టింది. సందేహానికి కవల పిల్లలట. నిద్రమొహం పెళ్ళిలో పీటల మీదే కునికాడట. డాక్టరు పన్ను ఎప్పుడు పీకారో నాకు తెలియనే లేదు.

నోట్లో దూది కుక్కి, నా చెంప మీద మెల్లగా తడుతూ అడిగింది:

"ఏంటే, ఇన్నాళ్ళకి కనిపించి ఒక్క మాటైనా మాట్లాడవు?"