బి నెగెటివ్ వీరుడు

ఒక మనిషి ప్రాణం నా చేతి నరం మీద ఆధారపడిన రోజున నేను వెలగబెట్టిన ఘనకార్యం ఇది. గుండె జబ్బున్నవాళ్ళు కూడా చదవొచ్చు, ఇందులో ఎవరూ చనిపోరు. ఆ మాట ఆ రోజు నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. మంథని నుంచి వచ్చి గోదావరిఖనిలో, గని టైం ఆఫీసులో హాజరు రాసే గుమాస్తాగా చేరి ఆరు నెలలైంది. ఒక ఉదయం షిఫ్టుకు దిగబోయే కార్మికులను మేనేజరు గారు నిలబెట్టి, "అవసరమైనప్పుడు రక్తమిచ్చేటోళ్ళ పేర్లు రాసుకుంటున్నం. ఎవరిస్తరు?" అని అడిగారు. అందరూ ఎదుటివాడి బూట్ల వైపు చూశారు. నేను చెయ్యెత్తాను.

ఎందుకెత్తానో మీ దగ్గర దాచను. ఆరు నెలలైనా మేనేజరు గారికి నా పేరు గుర్తుండటం లేదన్న ఉక్రోషంతో ఎత్తాను. అక్కడితో ఆగినా సరిపోయేది. "ఇప్పటికే నాలుగుసార్లిచ్చిన సార్. చీమ కుట్టినట్టు గూడ ఉండది" అని చేర్చాను. నిజానికి అప్పటిదాకా నా రక్తం తాగింది మంథని దోమలు మాత్రమే. సూదంటే నాకెంత భయమంటే, మా అమ్మ గుండీ కుట్టడానికి దారం ఎక్కిస్తుంటే పక్క గదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి.

చప్పట్లు మోగాయి. జాబితాలో బి నెగెటివ్ కింద మొదట నా పేరు, దాని కింద గని క్యాంటీన్లో పనిచేసే పోశక్క పేరు రాశారు. ఆమె ఎప్పుడు చెయ్యెత్తిందో ఎవరూ చూడనే లేదు.

మూడు వారాలు కాలరెగరేసుకుని తిరిగాను. నాలుగో వారం, సెలవు రోజున గదిలో ఉండగా పొద్దున పదిన్నరకు ఫోను మోగింది.

"సార్, నేను మన గనిల చేసే రాజమల్లును. నా భార్యకు కాన్పయింది. ఆడపిల్ల. కానీ రక్తం ఆగుతలేదు సార్. దవాఖానల బి నెగెటివ్ లేదంటున్నరు. నీ పేరే ముందున్నది. జల్ది రా."

"పోశక్కకు చెప్పినవా?" అన్నాను. వీరుడి నోటి నుంచి వెలువడిన మొదటి పలుకు అదీ.

"చెప్పిన. డ్యూటీల నుంచి అడిగి వస్తనన్నది. ఆమె బస్సుల వచ్చెటాళ్ళకు ఆలస్యమైతది. నువ్వైతే దగ్గర్లనే ఉన్నవ్ గద."

దవాఖాన అంత దగ్గర కట్టినవాళ్ళను మనసులో తిట్టుకుంటూ బయల్దేరాను. పదిమంది ఎక్కితే గాని కదలని షేర్ ఆటో ఆ రోజు నన్నొక్కణ్ణే ఎక్కించుకుని కదిలింది. టైరు పగలాలని మొక్కుకున్నాను. అవతల ఒక ఆడమనిషికి రక్తం పోతోందని గుర్తొచ్చి, సిగ్గుపడి మొక్కు వెనక్కి తీసుకున్నాను. మూలమలుపు దగ్గర మళ్ళీ మొక్కాను. దవాఖాన వచ్చేదాకా ఇదే పని.

రాజమల్లు గేటు దగ్గరే ఉన్నాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వొచ్చినవ్ సార్. ఇగ నాకు ఫికర్ లేదు."

అంతవరకు సూదికి భయపడ్డాను. అప్పటినుంచి ఆ మనిషి మొహం చూడటానికే భయం వేసింది.

లోపల నర్సు నన్ను కుర్చీలో కూర్చోమంది. "ముందుగాల వేలు మీద పొడిచి ఒక చుక్క చూస్త. నాలుగుసార్లిచ్చినవంట గద, నీకు చెప్పేదేమున్నది."

"ఏమున్నది సిస్టర్. గానీ ఆ సూది గంత లావెందుకున్నది?"

"ఇది పెన్ను. సూది ఇంక తియ్యలే."

తర్వాత తీసింది. వేలి చివర ఆవగింజంత ఎర్రటి చుక్క. దాన్ని చూశాను. నర్సు, గోడ, గోడ మీది క్యాలెండరు, అన్నీ కలిసి పైకి లేచాయి. అంటే నేను కిందికి పోతున్నానన్నమాట. పోతూ పోతూ ట్రే స్టాండును ఆసరాగా పట్టుకుని దాన్నీ వెంట తీసుకుపోయాను.

కళ్ళు తెరిచేసరికి మంచం మీదున్నాను. గంట దాటిందట. నుదుటికి మూడు కుట్లు, తల చుట్టూ కట్టు. కుట్లు వేసింది కూడా సూదితోనే కదా అని తోచి మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

"లే తమ్మీ, బిస్కెట్లు తిను. రక్తమిచ్చినందుకు నాకిచ్చిన్రు. నీకే ఎక్కువ అవసరం" అంది పక్కనే కూర్చున్న పోశక్క.

"రాజమల్లు భార్యకు ఎట్లున్నదక్కా?"

"నాదే ఎక్కిస్తున్నరు. రక్తం పోవుడు తగ్గిందంట. బతుకుతదన్నరు."

నాకు ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుని అడిగాను. "ఇంతకుముందు ఎన్నిసార్లిచ్చినవక్కా?"

"యాదికి లేదు."

"ఎందుకిస్తవ్?"

ఆమె నిజంగానే ఆలోచించింది. "ఏమో తమ్మీ. ఇచ్చిన దినం మంచిగ నిద్ర పడ్తది. గంతే."

అంతలో రాజమల్లు వచ్చాడు. నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ వచ్చినవాడు నా తలకట్టు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"సార్, నీకు తలకాయల నుంచి తీసిన్రా?"

అవునంటే సరిపోయేది. నమ్మేలాగే ఉన్నాడు. కానీ అతని కాళ్ళకు ఇంకా చెప్పుల్లేవు. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేనియ్యలే రాజమల్లు. ఎన్నడూ ఇయ్యలే. నాలుగుసార్లన్నది అబద్ధం. చుక్క చూసి పడిపోయిన. ఇచ్చింది అక్క."

రాజమల్లు నా వైపు చూశాడు. ఆ చూపు కంటే నాలుగు సూదులు నయం. అప్పుడు పోశక్క బిస్కెట్ పొడి దులుపుకుంటూ అంది.

"గట్లనకు తమ్మీ. నువ్వు గూడ రక్తమిచ్చినవ్. కాకపోతే నేలకిచ్చినవ్."

రాజమల్లు పకపకా నవ్వాడు. తలుపు అవతల నర్సు కూడా నవ్వింది. కుట్లు లాగుతున్నా నేనూ నవ్వాను.

కాబట్టి, నుదుటి మచ్చ మీద చెయ్యి వేసి మీ అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఏదైనా ఇచ్చే ముందు గాని, ఇచ్చిన తర్వాత గాని, దాని గురించి ఈ జన్మలో నోరెత్తను. మరి ఆ తర్వాత ఎప్పుడైనా రక్తమిచ్చావా అని మీరడుగుతారు.

ప్రమాణం చేశాను కదండీ. చెప్పను.