వంగని మోచెయ్యి

లేతు మిషను మీద పనిచేసే అతన్ని ఆదివారం బైకు పందేల్లో అందరూ ‘మోచెయ్యి’ అనే పిలిచేవారు. మలుపు రాగానే పక్కవాడి డొక్కలో మోచేత్తో ఒక్క పోటు పొడిచి ముందుకు దూరడం మొదటి పందెం నుంచీ అతని అలవాటు. మట్టిలో పడ్డవాడు బూతులు తిడుతుంటే హెల్మెట్ లోపల నవ్వుకునేవాడు. నాలుగో పందెంలో ఆ మోచెయ్యి అవతలివాడి హ్యాండిల్లో ఇరుక్కుంది. ఇద్దరూ పడ్డారు. వెనక బండి చక్రం ఆ చేతి మీదుగానే పోయింది. ఎముక పిండయింది.

“కీలు ఇక వంగదు. ఒకే వంపులో బిగించేస్తాం. చెయ్యి నోటికందేలా పెట్టమంటావా?” అన్నాడు డాక్టరు. అతను మంచం మీద లేచి కూర్చుని, బాగున్న చేతిని హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు చాపాడు.

“ఇలా పెట్టండి సార్.”

“మరి పిల్లనెలా ఎత్తుకుంటావయ్యా మహానుభావా?” అంది భార్య.

“ఎడం చెయ్యుందిగా.”

ఏడు నెలల తర్వాత, మళ్ళీ పందేనికి బయల్దేరుతూ బూట్లు తొడుక్కోడానికి నేల మీద కూర్చున్నాడు. పాక్కుంటూ వచ్చిన కూతురు ఆ వంగని చేతిని పట్టుకుని మొదటిసారి లేచి నిలబడింది. దాని మోకాళ్ళు వణుకుతున్నాయి. బయట స్నేహితుడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

“లేవవేం? పందెం అందదు,” అంది భార్య.

“ఉండవే. కదిలితే పడిపోతుంది,” అన్నాడు ఊపిరి బిగబట్టి.