రొట్టె ముట్టని మా అత్త

మా మేనత్త పోయిందన్న కబురు నాకు పెనుకొండ నుంచి సంఘపెద్ద ఫోన్ చేసి చెప్పాడు. నన్ను ఏడవనిచ్చాడా? లేదు. ఒక ఊపిరిలోనే రెండో మాట కూడా అనేశాడు.

"పాపా, మీ అత్త తెల్లారుజామున పోయిందమ్మా. అయితే ఒగ మాట. ఆమె ప్రభువు బల్లలో చెయ్యి పెట్టక శానా ఏండ్లాయ. రొట్టె తీసుకోనోళ్లకి మన సమాధుల తోటలో చోటు లేదని కమిటీ రూలు ఉండాది. ధర్మవరంలో మీవాళ్లు ఉండారు కదా, ఆడికి తీసకపోతే బాగుంటాది."

హిందూపురంలో మా ఇంటి గడపలో నిలబడి ఈ మాట విన్నాను. దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. ఈ నాలుగు ముక్కలూ ఆ కోపంతోనే రాస్తున్నాను, ఏమనుకున్నా సరే.

పోయినవాళ్లందరి ఫోటోల పక్కన 'శాంతమూర్తి' అని వేసినట్టే ఆమె ఫ్లెక్సీ మీద కూడా ఎవరో ఆ మాట వేయించారు. ఎవరు శాంతమూర్తి? మా అత్తా? పెనుకొండలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి ఆమె. కేకేసిందంటే వీధి చివర కుక్క కూడా లేచి కూర్చునేది. సూది వేయించుకోనని మారాం చేసే పిల్లల్నీ, తాగొచ్చిన మొగుళ్లనీ ఒకే గొంతుతో అదిలించేది.

మా నాయన ఆమెకు పెద్ద తమ్ముడు. మా చిన్నాయన చిన్న తమ్ముడు. ఇద్దరి ఇళ్లకూ మధ్య గోడ ఎక్కడ లేపాలన్న దగ్గర తగవొచ్చి, అన్నదమ్ములు ముఖాలు చూసుకోవడం మానేశారు. ఊళ్లో అందరూ "పోనీలెండప్పా, సర్దుకోండి" అన్నవాళ్లే. అత్త మాత్రం బస్సెక్కి హిందూపురం వచ్చి, వాళ్లిద్దర్నీ ఒకే మంచం మీద కూర్చోబెట్టి, ఒకే పళ్లెంలో సంగటి, ఊరుబిండి పచ్చడి వేసి మధ్యలో పెట్టింది.

"మాట్లాడద్దండి. ముందు తినండి. కడుపు కాలతా ఉంటే న్యాయం కనపడదు."

తిన్నాక అసలు పని మొదలుపెట్టింది. గోడ ఎవరు జరిపి కట్టారో, ఎవరు ఎవరిని ఏమని తిట్టారో అంతా కక్కించింది. చిన్నాయన భార్య మధ్యలో "పాతవి ఎందుకులే వదినా" అంటే ఆమె మీద కూడా లేచింది. "పుండు మీద పౌడరు చల్లి కట్టు కడితే లోపల చీము పడతాది. ముందు పిండల్ల. నొప్పి పుడితే అరవనీ." చివరికి మా నాయన తప్పు నాదేనని ఒప్పుకున్నాడు. మరునాడు గోడ పడగొట్టి సరైన చోట కట్టుకున్నారు. సమాధానపడటం అంటే నోరు మూసుకోవడం కాదని నాకు ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత నన్ను "సర్దుకోమ్మా" అన్న ప్రతివాణ్ణీ అనుమానంగానే చూశాను.

ఆమె ప్రార్థన కూడా అంతే. పొద్దున్నే వంటగదిలో దేవుడితో కొట్లాట. "ఏం ప్రభువా, నీకు చెవుడా? ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?" అని అరిచి, ముఖం కడుక్కుని, తేలిగ్గా కాఫీ తాగేది. అంత కోపంగా ప్రార్థన చేస్తారా ఎవరన్నా అని అడిగాను ఒకసారి.

"మనుషుల మీద పోస్తే పగ అయితాది పాపా. ఆయన మీద పోస్తే ఆయన తట్టుకుంటాడు. పోసేసి వస్తే నాకు నెమ్మది."

నాకు తెలిసిన ప్రార్థన అంతా ఆమె పెట్టిన భిక్షే.

ఇంక రొట్టె సంగతి. పెనుకొండలో వాళ్ల చర్చిని కొత్తగా కట్టినప్పుడు, పునాదిరాయి మీద ఎవరి పేరు పైన ఉండాలని పెద్దలు కొట్టుకున్నారు. సిగ్గు లేకపోతే సరి! సంఘం రెండుగా చీలింది. సగం మంది వెళ్లిపోయి హైవే పక్కన రేకుల షెడ్డు వేసుకున్నారు, వేరే పాస్టరును పెట్టుకున్నారు. అత్త పొద్దున చర్చికి పోయేది, అది అయ్యాక షెడ్డుకు పోయేది. రెండు చోట్లా ప్రభువు బల్ల రోజున, క్రీస్తు శరీరమని పంచే రొట్టె పళ్లెం తన దాకా వస్తే ముట్టకుండా పక్కవాళ్లకు అందించేది. సంఘపెద్ద అందరి ముందూ నిలదీశాడట.

"ఆయన శరీరాన్ని మీరు రెండు చేసి, నాకు ఒగ ముక్క ఇస్తాండారు. నాకొద్దు. రెండిండ్లోళ్లూ ఒగ బల్ల కాడ కూచున్న పొద్దు పిలవండి, అందరికంటే ముందు నేనే వస్తా" అందట.

ఆ పొద్దు రాలేదు. దాన్ని రానివ్వనివాళ్లే ఇప్పుడు ఆమెకు మన్ను లేదంటున్నారు.

మేం ధర్మవరం తీసుకుపోలేదు. శవపెట్టెను నేరుగా సమాధుల తోట గేటు ముందుకు మోసుకొచ్చాం. తాళం వేసి ఉంది. మా నాయన, చిన్నాయన పెట్టెను కిందికి దించి, చెరోపక్కా నేల మీద కూర్చున్నారు.

"ఏమప్పా, తాళం తీస్తావా లేదా?" అన్నాడు నాయన.

"నా చేతిలో ఏముండాదప్పా, కమిటీ..." అని సంఘపెద్ద నసిగాడు.

"కమిటీ అంటే నువ్వే కదా!" అని నేను అరిచాను. ఇంకా చాలా అన్నాను. అవి ఇక్కడ రాయలేను.

అప్పుడు ఆయన భార్యే గుంపులోంచి ముందుకొచ్చింది. "నా బిడ్డ కడుపులో అడ్డం తిరిగినప్పుడు ఈమె చెయ్యి కావల్సొచ్చింది మనకు. ఇప్పుడు గుంతెడు చోటుకు రూలా? సిగ్గుండల్ల!" అంటూ మొగుడి జేబులోంచి తాళంచెవి లాక్కుని గేటు తీసింది.

అయినా బుద్ధి వచ్చిందా? గుంటకు ఒక తట్టు చర్చి వాళ్లు, ఇంకో తట్టు షెడ్డు వాళ్లు నిలబడ్డారు. ఇద్దరు పాస్టర్లూ ఒకేసారి ప్రార్థన ఎత్తుకున్నారు. ఒకరు గొంతు పెంచితే ఇంకొకరు ఇంకా పెంచారు. మా నాయన లేచి "నోరు ముయ్యండప్పా ఇద్దరూ! మా అక్కను పండుకోనీండి!" అని గర్జించాడు. ఇద్దరూ ఆగిపోయారు. ఆమేన్ అనేవాళ్లు లేరు.

ఇక మన్ను వేశాం. ముందురోజు వాన పడి గట్టు జారుతోంది. సంఘపెద్ద వంగి, తడి ఎర్రమన్ను గుప్పిట్లోకి తీసి వేస్తూ కాలు జారాడు. గుంటలో పడబోతూ చేతికందినదాన్ని పట్టుకున్నాడు. అది అవతలి గట్టున ఉన్న షెడ్డు పాస్టరు చెయ్యి. ఆయన గట్టిగా తన తట్టుకు లాగి నిలబెట్టాడు. సంఘపెద్ద నిలదొక్కుకోగానే చెయ్యి విడిపించుకుని, తన తట్టుకు పోయి నిలబడ్డాడు.

అంతా అయ్యాక షెడ్డు పాస్టరు ఒక్కడే హైవే వైపు నడిచిపోయాడు. తెల్లచొక్కా చేతి మీద అయిదు వేళ్ల ఎర్రమట్టి ముద్ర పచ్చిగా ఉంది. ఆయన దాన్ని చూసుకున్నాడు. దులుపుకోలేదు.