గల్లీల చెప్తే పిలుపు గాదు

మొండోడు రాజు కంటె బలవంతుడు అంటరు. మా అమ్మను చూసినంకనే ఎవలో ఆ మాట అన్నట్టున్నది.

ఆ ఆదివారం సోలాపూర్ దాజీ పేట్ల మా ఇంటి ముందట పందిరేసినం. టువ్వాల్లు నేసే సాంచాలన్ని అన్న బంద్ పెట్టిండు. బగార అన్నం, మటన్ తయారు. నలభై మంది కూసున్నరు, పాస్టరయ్య బైబిల్ తెరిచి పెట్టుకున్నడు. అమ్మేమో పక్కన ఒక కుర్సీ ఖాళీగ పెట్టుకోని, "ఆమె వచ్చేదాంక ప్రార్థన లేదు, నాకు బువ్వ వద్దు" అంటది. షుగర్ మాత్ర ఏసుకోని అర్ధగంట అయితున్నది. తినకపోతె మళ్ల కండ్లు తిరిగి పడుతదని నా భయం నాది.

ఆమె అంటె మా గల్లీ ఊడ్చే మావశి. మావశి అంటె మరాఠీల చిన్నమ్మ. సోలాపూర్ల ఊడ్చేటామెనైనా గిన్నెలు తోమేటామెనైనా అట్లనే పిలుస్తం, నోటి మాటకే చుట్టరికం. రెండు నెలల కింద పొద్దుగాల అమ్మ నల్లా కాడ కండ్లు తిరిగి మోరీల పడ్డది. సాంచాల మోతకు లోపల మాకెవ్వలకు వినపడలె. మావశే పొరక ఇసిరేసి, అమ్మను ఎత్తి, ఆ బురదతోనే ఒళ్లె పండుకోబెట్టుకోని రిక్షాల దవఖానకు తీస్కపోయింది. జర ఆలస్యమైతె మనిషి దక్కకపోతుండె అన్నడు డాక్టరు. అమ్మ బతికిన సంతోషానికే ఈ కృతజ్ఞత కూటం.

"పిలిచిన అమ్మా, పిలిచిన!" అన్న నేను, పండ్లు కొరుకుతూ. "రాకపోతె నేనేం జేయాలె? కాళ్లు మొక్కాల్నా?"

"యాడ పిలిచినవ్?"

"మన ఇంటి ముందటనే. ఊడుస్తుంటె చెప్పిన."

"గల్లీలనా?" అన్నది అమ్మ. పందిట్ల అందరు నా దిక్కు చూసిన్రు.

మా తాత కాలంల ఏసుప్రభువును నమ్ముకున్నం. బొట్టు ఇడిచిపెట్టినం గని పిలుపు పద్ధతి ఇడువలె. పిలవాలంటె ఇంటికి పోవాలె, కూసోవాలె, గుక్కెడు మంచినీళ్లు తాగాలె, ఇంటిల్లిపాది రావాలె అని చెప్పాలె. తొవ్వల కలిసినప్పుడు చెప్తె అది పిలుపు గాదు, ఖబరు. అశోక్ చౌక్ల కూరగాయల బండి కాడ పిలిచినమని మా మేనత్త ఏడేండ్లు అలిగింది! ఇదంత తెలిసినదాన్నే నేను. మూడు రోజులు కాళ్లరిగేటట్టు చుట్టాలిండ్లన్ని తిరిగిన. మావశికి మాత్రం నోట్ల బ్రష్ పెట్టుకోనే చెప్పిన, "ఆదివారం ప్రార్థన ఉంది, రా" అని.

"నెల నెలా చర్చిల ప్రభువు బల్ల కాడ అందరితోని ఒక్క రొట్టె పంచుకోని తింటవ్," అన్నది అమ్మ. "నన్ను మోరీలకెల్లి ఎత్తినామెను గల్లీల నిలబెట్టి పిలుస్తవా? సిగ్గు లేదానే? దేవుడు బతికిచ్చిండు, దేవుడు బతికిచ్చిండు అంటున్నరు గద అందరు. ఎవల చేతులతోని ఎత్తిండు మరి?"

"అమ్మా, టైం అయితున్నది..." అని పాస్టరయ్య మెల్లగ నసిగిండు.

"దేవుడు మన కోసం ఎన్నేండ్లు ఆగలే అయ్యా? ఇంకో గంట ఆగడా?"

పాస్టరయ్య కిసుక్కున నవ్వి బైబిల్ మూసిండు.

ఇగ బయలెల్లిన. చెప్పులేసుకున్నంక తెలిసింది, ఆమె ఇల్లెక్కడనో నాకు తెల్వదని. పందిట్ల ఎవ్వలకు తెల్వదు. ఇరవై ఏండ్ల సంది మా గల్లీ ఊడ్చే మనిషి! కచరా బండి డ్రైవరుకు ఫోన్ చేస్తె ఆయన చెప్పిండు, కుంఠా నాకా దాటినంక పిండి గిర్ని ఎనుక అని. రిక్షాల కూసున్నంత సేపు నాకు ఒకటే కోపం. ఎవల మీద? ఆమె మీదనే! ఎంత బడాయి, ఇంటికొచ్చి పిలుస్తెనే వస్తదా అని.

మావశి కడపల కూసోని ఉన్నది. పక్కన పొరక, రెండు గోనె సంచులు. నన్ను చూసి లేసి నిలబడ్డది.

"అగ బాయీ! అప్పుడే అయిపోయినయా? నేను నాలుగింటికి వద్దామనుకుంటి."

"ఏం అయిపోయినయ్?"

"భోజనాలు. ఇస్తర్లు ఎత్తనీకెనే గద పిలిచినవ్?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె అలగలె, బడాయి పోలె. ఇన్నేండ్లల్ల మా ఇంట్ల ఏ ఫంక్షన్ అయినా ఆమెను రమ్మన్నమంటె ఎత్తిపోయనీకెనే రమ్మన్నం. నా మాటను ఆమె ఇంకెట్ల అర్థం చేస్కుంటది?

లోపలికి పోయి కూసున్న. నీళ్లడిగి తాగిన. ఆమె రెండు చేతులు పట్టుకోని, బతుకుల మొదటిసారి ఆమెను మీరు అన్న. "మావశీ, మా అమ్మ బతికిన సంతోషానికి ప్రార్థన పెట్టుకున్నం. మీరు ఇంటిల్లిపాది వచ్చి మాతోని కూసోని తినాలె."

ఆమె నన్ను కింద మీద చూసింది. "చూస్త," అన్నది, అచ్చం పెద్దింటి అత్తమ్మల లెక్క. "తీరిక దొరకాలె గద."

ఇద్దరం పక్కున నవ్వినం. ఇంకేం, పిలుపంటె పిలుపే! మూడు చీరలు మార్చింది. కోడలిని తయారు జేసింది. నేను "అమ్మకు షుగర్, అమ్మకు షుగర్" అని మొత్తుకుంటుంటె, "రిక్షాల ఎత్తుకపోయినదాన్ని, నాకే చెప్తవా? ఫోన్ కలుపు" అని గద్దిచ్చింది. ఫోన్ల అమ్మను "ముందుగాల రెండు ముద్దలు తిను, వస్తున్న" అన్నది. కడుపుల పుట్టిన నా మాట ఇనని మనిషి, ఆమె మాటకు గప్‌చుప్ తిన్నది.

మేము రిక్షా దిగంగనె అమ్మ లేసి వచ్చి ఆమెను కావలిచ్చుకున్నది, పక్క కుర్సీల కూసోబెట్టుకున్నది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అందరి ఆకలి చూసి పాస్టరయ్య ప్రార్థన చిన్నగనే చేసిండు. ఎవలన్న సాక్ష్యం చెప్తరా అని అడిగితె మావశి లేసింది.

"నేనేం చెప్పాలె? ఈ జాగ ఇరవై ఏండ్ల సంది ఊడుస్తున్న. కూసునుడు ఇయ్యాలనే. ఆ కడప అవతల ఏమున్నదో ఇప్పటికి తెల్వదు."

అమ్మ ఆమె చెయ్యి పట్టుకోని, "రా, చూపిస్త" అని ఇంట్లకు తీస్కపోయింది. పాస్టరయ్య, నలభై మంది, చల్లారుతున్న మటన్, అన్ని ఆగినయ్. లోపలికెల్లి అమ్మ మాటలు వినపడుతున్నయ్. ఇది వంటిల్లు. ఇది బీడీలు చుట్టే చాట. ఇది నేను పండుకునే అర్ర.

ఆ తర్వాత అమ్మ అన్నది, "కింద గాదు చెల్లే, మంచం మీద కూసో."

మంచం కిర్రుమన్నది. పాస్టరయ్య "ఆమెన్" అన్నడు.